తాళపుచెవి పుచ్చుకొను గడియ



త్రాగి బండి నడిపి న్యాయస్థానములో దోషిగా తేలిన మనుష్యుని విషయమై మనమేమి తలంపవలెను? అతనిని శిక్షించి ఊరకుండవలెనా? లేక అతని అలవాటును మాన్పుటకు చికిత్స కూడ చేయింపవలెనా? ఇది పట్టణస్థుల ప్రశ్న, మనకేమి సంబంధమని అనుకొనకుడి. పాన్‌గల్ నుండి వనపర్తికి పోవు దారిమీద నిలిచి చూడుడి. పెండ్లికి పోయినవాడును, పెబ్బేరు సంతకు పోయినవాడును, కూలి పుచ్చుకొని కల్లు దుకాణము మీదుగా ఇల్లు చేరువాడును మోటారు సైకిలు మీదనే వచ్చుచున్నారు.

2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవారుజామున జరిగిన సంగతిని మీలో అనేకులు వినియే యున్నారు. మన పెబ్బేరు మీదుగా సాగు 44వ జాతీయ రహదారిపైననే, కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద, హైదరాబాదు నుండి బెంగుళూరు పోవుచున్న ప్రయివేటు బస్సు కాలిపోయెను. అంతకు కొంచెము ముందు ఒక యువకుడు మోటారు సైకిలుపై పోవుచు పడి మరణించెను. అతని బండి రోడ్డుమీద పడియుండెను. బస్సు దానిని ఈడ్చుకొని పోగా నిప్పు పుట్టెను. బస్సులోని 19 మంది ప్రయాణికులు ప్రాణములు కోల్పోయిరి. ఆ యువకుడు మద్యము సేవించి యుండెనని పరీక్షలలో తేలినదని పోలీసులు తెలిపిరి. మంటలు అంతగా వ్యాపించుటకు వేరు కారణములును ఉండవచ్చును. అయినను ఒక్కని గ్లాసు ఎందరి ఇండ్లలో దీపమార్పగలదో ఆలోచింపుడి.

ఆ దినములలోనే హైదరాబాదు పోలీసు కమిషనరు సజ్జనార్ గారు, త్రాగి బండి నడుపువారు ఉగ్రవాదులేయని బహిరంగముగా చెప్పిరి. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఆ మాట కఠినముగా తోచదు. ఆమె దుఃఖమును తేలికచేయు అధికారము మనకెవరికిని లేదు. కాని ఒక భేదమును మరువరాదు. ఉగ్రవాది చంపవలెనని బయలుదేరును. త్రాగినవాడు ఇల్లు చేరవలెనని బయలుదేరును. ఫలితము ఒక్కటే కావచ్చును గాని హృదయము ఒక్కటి కాదు. హృదయము వేరైనప్పుడు దానిని మార్చు మార్గమును వేరుగానే యుండవలెను.

చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 185వ సెక్షను ప్రకారము, 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యముండగా బండి నడుపుట నేరము. 2019లో చట్టము సవరింపబడినది మొదలు, తొలిసారి పట్టుబడినవానికి 6 నెలల వరకు ఖైదు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మరల చేసినచో 2 సంవత్సరముల వరకు ఖైదు, 15,000 రూపాయల జరిమానా.

ఈ శిక్ష న్యాయమే. అయితే ఆ 10,000 రూపాయలు ఎక్కడనుండి వచ్చును? పల్లీలు అమ్మిన సొమ్ము నుండి. భార్య పొదుపు సంఘములో దాచుకొన్న డబ్బు నుండి. పిల్లల బడి ఖర్చు నుండి. త్రాగినది ఒకడు, కట్టునది మరియొకరు. జరిమానా కట్టి వచ్చిన సాయంకాలమే ఆ అవమానమును మరచుటకు అతడు మరల కల్లు దుకాణమునకు పోయినచో, శిక్ష తీరినది గాని అపాయము తీరలేదు. కాబట్టి శిక్ష అక్కరలేదని కాదు, శిక్ష ఒక్కటే చాలదని గ్రహింపవలెను.

“త్రాగుడు ఒక వ్యాధి అయినచో అతని తప్పేమి?” అని కొందరడుగుదురు. “త్రాగుట అతని యిష్టమే, చికిత్స ఎందుకు?” అని మరికొందరడుగుదురు. ఇద్దరికిని ఒక్కటే జవాబు. మద్యము మొదట చెరుపునది మంచి చెడ్డలు తీర్మానించు బుద్ధినే. “నాకేమియు కాలేదు, నడుపగలను” అని చెప్పువాడు అబద్ధమాడుట లేదు, అతనికి అట్లే తోచుచున్నది. ఆ గడియలో అతనిని వివేకమడిగి లాభము లేదు. కాని సాయంకాలము ఇంటిలో గోడకున్న తాళపుచెవిని పుచ్చుకొనినప్పుడు అతడు త్రాగియుండలేదు. ఎక్కడికి పోవుచున్నాడో, అక్కడ ఏమి పోయుదురో, తిరిగి ఎట్లు వచ్చునో అతనికి తెలియును. అతని బాధ్యత ఆ గడియలోనే యున్నది. అతని స్వస్థతయు ఆ గడియలోనే ఆరంభము కావలెను.

ప్రవర్తనా చికిత్సయని వైద్యులు పిలుచునది ఈ గడియనే పట్టుకొనును. ఇది కేవలము మందుబిళ్ల కాదు, కేవలము ఉపదేశమును కాదు. ఏ దినమున, ఎవరితో, ఏ మనస్సుతో త్రాగుచున్నాడో అతనిచేతనే చెప్పింతురు. కూలి డబ్బు చేతిలో పడిన సాయంకాలమా? అన్నదమ్ములతో గట్టు తగాదా పడిన దినమా? ఆ సమయమును ముందుగానే గుర్తించి, అప్పుడు చేయవలసిన వేరొక పనిని అలవరతురు. బండి ఇంటనే విడిచి పోవుట, మరియొక దారిని వచ్చుట, స్నేహితుడు బలవంతపెట్టినప్పుడు వద్దని చెప్పు మాటను ముందుగానే అభ్యాసము చేయుట, ఇట్టివి. 1983లో విలియం మిల్లర్ అను అమెరికా మనస్తత్వవేత్త త్రాగువారితో మాటలాడు ఒక పద్ధతిని వివరించెను. గద్దించుటకు బదులు ప్రశ్నలడిగి, మారవలెనను మాట అతని నోటనుండియే వచ్చునట్లు చేయుట దాని సారము. గద్దింపబడినవాడు తన తప్పును సమర్థించుకొనును. ఓపికతో అడుగబడినవాడు తన్ను తాను వినును.

ఇది ఫలించునా? 1995లో 215 పరిశోధనలను కలిపి పరిశీలించిన అమెరికా పండితులు, ఇట్టి బోధయు చికిత్సయు పొందినవారిలో మరల త్రాగి నడుపుట, పొందనివారితో పోల్చగా, నూటికి 7 మొదలు 9 వంతుల వరకు తగ్గినదని కనుగొనిరి. బోధ, చికిత్స, తరువాతి పర్యవేక్షణ, ఈ మూడును కలిసినప్పుడే మేలు ఎక్కువ. ఇది గొప్ప సంఖ్య కాదని మీరనవచ్చును. కాని ఆ కొద్దిమందిలో ఒకడు మీ కుమారుడు నడచు దారిలో ఎదురు రావలసినవాడైనచో, అది చిన్న సంఖ్యయా? హైదరాబాదులో పట్టుబడినవారిని గోషామహల్, బేగంపేటలలోని ట్రాఫిక్ శిక్షణ సంస్థలకు కుటుంబములోని యొకరితో కూడ రప్పించి కౌన్సెలింగ్ చేయు పద్ధతి కలదు. భార్యనో తండ్రినో ప్రక్కన కూర్చుండబెట్టుట మంచి ఆలోచన. అయితే ఏండ్ల అలవాటు ఒక్క పూట మాటలతో పోదు.

“చికిత్సయని చెప్పి దోషిని లాలించుచున్నారా? చనిపోయినవారి మాటేమి?” అను ప్రశ్న మిగిలియున్నది. 1999లో ఢిల్లీలో మద్యము సేవించిన యువకుడు కారు నడుపగా ఆరుగురు మరణించిరి. 2012లో సుప్రీంకోర్టు అతడు అనుభవించిన 2 సంవత్సరముల ఖైదుతో పాటు 50 లక్షల రూపాయలు కట్టవలెననియు, 2 సంవత్సరములు సమాజసేవ చేయవలెననియు తీర్పు చెప్పెను. ఆ తీర్పు చాలునా చాలదాయని వాదింపవచ్చును. కాని శిక్ష గడచిన దినమునకు జవాబు చెప్పును, చికిత్స రాబోవు దినమునకు జవాబు చెప్పును. ఒకటి రెండవదానికి బదులు కానేరదు.

ఇక మన వంతు. మన పెండ్లిలో మద్యము పోయించి, అర్ధరాత్రి తాళపుచెవి చేతికిచ్చి “జాగ్రత్త” అని పంపువాడు నిర్దోషియా? త్రాగిన చుట్టమునకు ఆ రాత్రి మన వాకిట ఒక మంచము వేయుట ఎంత పని! దోషియై తిరిగి వచ్చినవానిని సంఘములో వేలెత్తి చూపినచో అతనికి మిగులు స్నేహితులు దుకాణములోని వారే. ఏండ్ల తరబడి ప్రతిదినము మిక్కిలిగా త్రాగువాడు ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము కూడ రావచ్చును గనుక, ఒట్టు పెట్టించి ఊరకుండక, వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. 2022లో ఆరంభమైన టెలి మానస్ అను ప్రభుత్వ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే ఉచితముగా సలహా లభించును.

దారిలో పడియున్నవానిని ఎత్తుకొన్న సమరయుడు గాయములు కట్టి పోలేదు. సత్రపువానికి అప్పగించి, ఇంకేమైన ఖర్చు అయినచో తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని చెప్పెను. తిరిగి వచ్చి చూచుటయే మనము తరచుగా మరచునది. మీ ఊరిలో అట్టివాడొకడున్నచో, ఈ వారము కూలి డబ్బు అందు సాయంకాలము, అతడు తాళపుచెవిని పుచ్చుకొనక మునుపే, అతని వాకిటికి పొండు.