అంగీకారం ఎవరిది?

శాస్త్రపరిశోధన మానవాభ్యుదయానికి ఆయువుపట్టు. అందులో సందేహం లేదు. కాని ఆ పరిశోధనకు ఎవరి శరీరం సాధనమౌతున్నది, ఆ మనిషి ఏ స్థితిలో ఒప్పుకున్నాడు అన్న ప్రశ్నను శాస్త్రం పేరుతో దాటవేయడానికి వీల్లేదు.

1963లో న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో, యూదుల దీర్ఘరోగ చికిత్సాలయంలో, 22 మంది రోగులకు సజీవ క్యాన్సర్ కణాలను సూదితో ఎక్కించినారు. వారిలో చాలామంది వృద్ధులు, నీరసించినవారు. ఆరోగ్యవంతుల శరీరం ఈ పరాయి కణాలను త్వరగా నిర్మూలిస్తుంది. క్యాన్సర్ రోగులలో ఆలస్యమౌతుంది. ఆలస్యానికి కారణం క్యాన్సరా, కేవలం దౌర్బల్యమా అన్నది డాక్టర్ చెస్టర్ సౌతమ్ తేల్చదలచిన విషయం. రోగులతో మాత్రం ఇది నిరోధశక్తికి పరీక్ష అన్నారు. క్యాన్సర్ మాట ఎత్తలేదు. ముగ్గురు యువవైద్యులు ఈ పని చేయ నిరాకరించి, ఉద్యోగాలు వదలుకున్నారు.

ఆ మాట రోగులను అనవసరంగా భయపెడుతుందని సౌతమ్ వాదం. భయపడతారంటే కాదంటారనే గదా అర్థం! కాదనగలవారి నుండి నిజం దాచి పొందినది అంగీకారం కాదు, అపహరణ. రాష్ట్ర అధికారమండలి ఆయనను, ఆసుపత్రి వైద్యాధికారిని మోసానికి దోషులుగా నిర్ణయించినది. ఏడాది లైసెన్సు రద్దు విధించి, దానినీ అమలు జరగకుండా నిలిపివేసినది. 1968లో ఆయన అమెరికా క్యాన్సర్ పరిశోధనా సంఘానికే అధ్యక్షుడైనాడు.

అయితే నిజం చెప్పి సంతకం తీసుకుంటే సరిపోతుందా? అమెరికాలో నర్సింగ్ హోములంటే వృద్ధుల సంరక్షణాలయాలు. అక్కడి మనిషికి అన్నం, స్నానం, మందు, అన్నీ పరుల చేతిలోనివే. పక్కమీది నుండి లేపవలసిన చేయే కాగితం చాపితే, వద్దనడానికి ఎంత ధైర్యం కావాలి! స్వేచ్ఛ కాగితంలో లేదు, జీవిత పరిస్థితులలో ఉన్నది. సులువుగా దొరుకుతారు గనుక ఆశ్రమవాసులను ఎంచుకోరాదని 1979 నాటి బెల్మాంట్ నివేదిక హెచ్చరించినది.

అలాగని పరిశోధనను ఆ గుమ్మం దగ్గరే ఆపివేయడమూ న్యాయం కాదు. పడుచువారిపై పరీక్షించిన మందునే ముసలివారికి అంచనామీద ఇవ్వవలసి వస్తుంది. 2020లో కరోనా ఈ సంరక్షణాలయాలలోనే ఘోరంగా ప్రాణాలు తీసినది. ఆ యేడే అక్కడి నివాసులలో, సిబ్బందిలో ఒక ప్రతిరక్షక ఔషధాన్ని పరీక్షించవలసి వచ్చినది.

కనుక సమస్య పరిశోధన కావాలా వద్దా అన్నది కాదు. అన్నం పెట్టే చేయి, సంతకం అడిగే చేయి ఒకటి కాకూడదు. వద్దన్నవారికి ఏ లోటూ జరగరాదు. జ్ఞాపకం చెదిరినవారు మొగం త్రిప్పుకున్నా అది నిరాకరణగానే ఎంచవలె. ఏది పరిశోధించాలో నిర్ణయించేచోట వారి గొంతు వినిపించవలె. కాదనగలిగిన మనిషి అవుననడమే అంగీకారం. ఆ కాదనగల శక్తిని కల్పించడం వైద్యుని మంచితనానికి వదలివేయరానిది. అది సమాజం బాధ్యత.