భయచిత్రము – పసిమనసు

నీలం నగరులో మరమగ్గముల హోరు నడుమ మా మనుమడు ‘వో కౌన్ థీ’ చూతునని పట్టుపట్టినాడు. పదునాలుగేండ్లవాడు. 1964లో రాజ్ ఖోస్లా తీసిన ఆ హిందీ చిత్రమే 1966లో తెలుగున ‘ఆమె ఎవరు?’ అయినది. వానలో కారెక్కిన తెల్లచీర స్త్రీ శ్మశానము చెంత దిగుట తలచుకొని మా కోడలు వలదన్నది. మేము చూడుమంటిమి, కడదాక కూర్చుండవలెనంటిమి. నడుమ లేచిపోయినవానికి దయ్యమే మిగులును. తుదివరకు చూచినవానికి అది ఆస్తికై బంధువు పన్నిన కపటమని తెలియును.

మాకు వెరపు కలిగించినది వేరొకటి. నిర్దోషియైన భార్యను కథానాయకుడు అనుమానించి దూరము చేయును, చదువుకొన్న వైద్యుడతడు! అది తప్పని తోచినదా యని మనుమని నడిగితిమి. “కళ్లారా చూచినాడు గదా, తాతా! నీవైతే నమ్మియుందువా?” అన్నాడు. ఆ రాత్రి మాకే నిద్రపట్టలేదు.