హిమా ఎవరి కోసం?

నీరు, పచ్చిక అందరి సొత్తని ఇస్లాం బోధిస్తుంది. మరి ఒక పచ్చిక బయలును రక్షిత భూమిగా ప్రకటించి పశువులను ఆపడం న్యాయమేనా? వానలు నమ్మకం తప్పుతున్న ఈ రోజుల్లో మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇది. మేతకు విరామం దొరికితేనే ఎండు నేలలో గడ్డి విత్తనం కట్టి, వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి.

అజ్ఞాన కాలంలో అరబ్బు నాయకులు మేలైన బయళ్ళను 'హిమా' పేరుతో తమ సొంతం చేసుకునేవారు. దైవప్రవక్త (సఅసం) ఆ స్వార్థాన్ని రద్దు చేశారు. మదీనా సమీపంలోని నఖీ ప్రాంతాన్ని మాత్రం ముస్లిం సమాజపు గుర్రాల మేతకు హిమాగా ఉంచారు. తర్వాత హజ్రత్ ఉమర్ (రజి) హిమా కాపలాదారుకు ఇచ్చిన ఆదేశం గమనార్హం: కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు ఉన్నవారిని రానివ్వాలి, సంపన్నుల మందలను ఆపాలి. సంపన్నుల పశువులు చనిపోయినా వారికి తోటలు, పొలాలు ఉంటాయి. పేదవానికి ఏముంటుంది?

లెబనాన్‌లో 2004 నుంచి స్థానిక ప్రజల భాగస్వామ్యంతో ఈ పద్ధతిని పునరుద్ధరిస్తున్నారు. బెకా లోయలోని కఫ్ర్ జబద్ చిత్తడి నేల అలాంటి హిమాయే.

నేలను కాపాడటం అమానత్. పేదవాని హక్కును కాపాడటం కూడా అమానతే. కంచె వేసే ముందు అది బలవంతుణ్ణి ఆపుతుందో, బలహీనుణ్ణి ఆపుతుందో చూసుకోవాలి. అల్లాహ్ మనకు ఆ వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.