దారిన పోయే పిట్టకు

పంగుని ఉత్తిరం దగ్గర పడితే కొంగునాడు దారులన్నీ పళని వైపే. కొడుముడిలో కావేరి నీళ్లు ముంచుకుని, ఆ తీర్థాన్ని కావడిగా భుజాన వేసుకుని, జనం చెప్పులు లేకుండా నడిచి వస్తారు. కొండ మీది దండాయుధపాణికి ఆ నీళ్లతో అభిషేకం. దారి పొడుగునా పందిళ్లు లేస్తాయి. నీర్‌మోరు, పానకం, కుండల్లో చల్లని నీళ్లు. మన నాయుళ్ల ఇళ్ల ముందూ, కంబళత్తు నాయకర్ల ఊళ్లలోనూ అదే సందడి. "ఏ ఊరు సామీ?" అని అడుగుతారు గానీ, జవాబు వినకముందే గ్లాసు చేతికి ఇచ్చేసి ఉంటారు.

ఇవే వారాల్లో ఈ నేల మీది నుంచే ఉత్తరానికి ఇంకో యాత్ర బయల్దేరుతుంది. దాన్ని గమనించేవాళ్లు తక్కువ. చలికాలమంతా మన పట్నాల తోటల్లో, పాత చెట్లున్న కాలేజీ ఆవరణల్లో తలదాచుకున్న పొన్నంగి పిట్ట తిరుగు ప్రయాణం కడుతుంది. ఇక్కడ దాన్ని ఆరుమణికురువి అంటారు. పొద్దున ఆరు వేళ, సాయంత్రం ఆరు వేళ రెండు స్వరాల ఈల వేస్తుంది. మైనా కంటె చిన్నది, 50–60 గ్రాముల ప్రాణం. వీపు ఆకుపచ్చ, కంటి మీదుగా నల్లని పట్టె, రెక్క మీద నీలం, తోక కింద కుంకుమ ఎరుపు. ఇన్ని రంగులుండీ ఎండుటాకుల మధ్య నిలబడితే కనబడదు.

దాని తిండి తినే తీరు చూడాలి. పొట్టి తోకను మెల్లగా పైకీ కిందకీ ఆడిస్తూ రెండు గెంతులు వేస్తుంది. ముక్కుతో ఆకు అంచు పట్టి పక్కకు విసురుతుంది. ఆ ఆకు కింద నేల ఇంకా తేమగా ఉంటుంది. చెదలు, పురుగులు, ఒక్కోసారి వానపాము. అది మింగి మళ్లీ ఇంకో ఆకు. ప్రయాణానికి ముందు ఒంట్లో కొవ్వు పేరాలి. రాత్రిపూట ఎగిరేటప్పుడు ఆ కొవ్వే కరిగి బలమవుతుంది. ఇంత దూరానికి దానికి మరో ఆధారం లేదు. పట్నంలో ఆ కొవ్వు పట్టే తిండి దొరికేది చెట్టు కింద కుళ్లుతున్న ఆకుల్లోనే.

మనమేమో ఆకును చెత్త అనుకుంటాం. తోట శుభ్రంగా ఉందనిపించాలని ప్రతి మూలా నున్నగా ఊడ్చి, కుప్ప చేసి నిప్పు పెడతాం. ప్లాస్టిక్ ఏరివేయాలి, నిజమే. కానీ రాలిన ఆకు నేల సొత్తు. దాన్ని తగలబెట్టడం దారిన పోయేవాడి ముందు నుంచి విస్తరి లాగేయడమే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఒక తోటలో చీపురు పట్టుకున్న పెద్దామె నన్ను ఆపింది. "ఆ పక్క పోవద్దు నాయనా. ఆరుమణికురువి మేస్తావుంది. అది పోయేదాకా ఆ మూల నేను ఊడ్వను." ఎవరు చెప్పారని అడిగితే, "చెప్పేదేముంది, కనబడతా ఉందిగా" అంది. ఈ ఉదయం నా ధ్యానానికి ఆ మాటే చాలింది.

సింగనల్లూరు చెరువు మీదా, మదురై కుళాల మీదా సాయంత్రాలు సుళ్లు తిరిగే గులాబీ వన్నె గోరువంకలు కూడా ఏప్రిల్ నడిమికల్లా మధ్య ఆసియా వైపు సాగిపోతాయి. ఎవరి దారి వారిది. పొన్నంగి మాత్రం హిమాలయాల అడుగు కొండలకో, నడిమి దేశపు అడవులకో చేరి, వానలు పడ్డాక ఆకులూ గడ్డీ కూర్చి గుండ్రని గూడు కడుతుంది. ఆ గూటి పిల్లలను మనం చూడబోము. అయినా మన తోటలో ఊడ్వకుండా వదిలిన మూల వాటి రెక్కల్లో ఉంటుంది. కావడివాడికి నీళ్లు పోసిన ఇల్లాలు ఆ పూట కొండ ఎక్కదు. అభిషేకం ఆమెకూ చెందుతుంది.

పండు దక్కలేదని కైలాసం విడిచి, గోచీతో, చేతి కర్రతో ఈ కొండకు వచ్చిన బాలుణ్ణి తలచుకుందాం. ఆయనదీ ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచిన దారే. 16వ శతాబ్దంలో నాయకరాజుల వెంట మన పెద్దలు వచ్చిందీ ఆ దిక్కు నుంచే. వాళ్లకు ఎవరు ఏ ఊళ్లో నీళ్లిచ్చారో మనకు పేర్లు మిగల్లేదు. ఇచ్చారు కాబట్టే ఈ పొద్దు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ మనం ఇక్కడ ఉన్నాం.

పళని ఆండవా, పిలవకుండా వచ్చి చెప్పకుండా పోయే ప్రాణాన్ని చూసే కన్ను ఇయ్యి. మా వాకిలి దాటి పోయేదేదీ ఆకలితో పోకుండా చూసే బుద్ధి ఇయ్యి. అది మాకు మళ్లీ కనబడకపోయినా సరే.

ఈ రోజు చేయవలసింది: వేపచెట్టు కింద ఒక మూల ఆకులు వదిలేయండి. పక్కనే నీడలో లోతు లేని మట్టి మూకుడులో నీళ్లు పెట్టండి. పిల్లులు పొంచి ఉండే పొద దగ్గర వద్దు. నీళ్లు రోజూ పొద్దున పారబోసి మార్చండి, లేకుంటే దోమలు చేరతాయి.