ఒకే బల్ల ముందు

క్రీస్తును మనసులో నమ్ముకుంటే చాలదా, బాప్తిస్మం తీసుకుని సంఘంలో చేరాల్సిందేనా? బెంగళూరులో ఈ ప్రశ్నను గట్టిగా లేవనెత్తింది క్రైస్తవ పండితులే. యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో సంఘచరిత్ర బోధించిన డెన్మార్క్ దేశస్థుడు కాయ్ బాగో, హిందువు హిందువుగా ఉంటూనే క్రీస్తుకు చెందవచ్చునని 1966లో రాశారు. మతాన్నీ సమాజాన్నీ కలిపి అధ్యయనం చేయడానికి 1957లో ఈ ఊళ్లో పి.డి. దేవనందన్ సారథ్యంలో ఒక క్రైస్తవ సంస్థ మొదలైంది. ఆయన తర్వాత దాన్ని నడిపిన ఎం.ఎం. థామస్‌ది కూడా దగ్గరదగ్గర అదే బాధ. మన దేశంలో బాప్తిస్మం ఒక వర్గాన్ని వదిలి ఇంకో వర్గంలో కలిసిపోవడంగా మారిందని, అలా కాకుండా హిందూ సమాజం లోపలే క్రీస్తు సహవాసం ఏర్పడే దారి ఉండాలని ఆయన వాదించారు. బిషప్ లెస్లీ న్యూబిగిన్ ఒప్పుకోలేదు. కంటికి కనిపించే సంఘం లేని విశ్వాసం నిలవదన్నారు. జీవితాన్ని క్రీస్తుకు అప్పగించాలా వద్దా అని ఆలోచించే ప్రతి మనిషీ ఈ వాదాన్ని తనలో తాను మళ్లీ జరుపుకోక తప్పదు. నేను న్యూబిగిన్ వైపు నిలబడతాను. అయితే నా కారణాలు తెలుగు నేలలోంచి వచ్చినవి.

థామస్ మాటకు ఆంధ్రలో బతికిన రూపమే ఉంది. కె. సుబ్బారావు అనే ఉపాధ్యాయుడు 1942లో తనకు క్రీస్తు దర్శనమిచ్చాడని చెప్పారు. క్రీస్తును గురువుగా కొలిచారు, పాటలు రాశారు, రోగుల కోసం ప్రార్థించారు. చుట్టూ జనం చేరారు. బాప్తిస్మం మాత్రం అక్కర్లేదన్నారు, పాదిరీల పెత్తనాన్ని తీవ్రంగా విమర్శించారు. బాగో ఈ ఉద్యమం మీద ఒక పుస్తకమే రాశారు. సుబ్బారావు మాటల్లో నన్ను తాకేది ఒకటుంది. తన్ను తాను పూర్తిగా ఇచ్చుకున్న క్రీస్తు పేరు చెప్పుకుని ఒక మతం తన సంఖ్యను, ఆస్తిని, అధికారాన్ని పెంచుకుంటూ పోతే అది ఆయనకు సాక్ష్యమెలా అవుతుంది? ఈ ప్రశ్నకు సంఘం తలవంచి జవాబు చెప్పాల్సిందే. కానీ దాంతో బాప్తిస్మం అవసరం తీరిపోదు. ఎందుకు తీరదో తెలియాలంటే ఒంగోలు వెళ్లాలి.

1876-78 కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకుని వేల మందికి పని చూపించారు. ఆ పనులు సాగినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి కోసం వచ్చారన్న మాట రాకూడదనే ఆ జాగ్రత్త. పనులు ముగిశాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. క్లవ్ వాళ్ల ముందుంచిన నియమాలు ఇవే. చదవడానికి చిన్నవి. ఊరి చాకిరీ మీద, జాతరలో కొట్టే డప్పు మీద బతికే మనిషి వాటిని పాటించడమంటే ఊరిని ఎదిరించడమే. అందుకు వాళ్లు దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు. మనసులో నమ్మి ఊరుకుని ఉంటే వాళ్ల జోలికి ఎవరూ వచ్చేవారు కారు.

తెలుగు దేశంలో సంఘమంటే ప్రధానంగా ఆ మాలమాదిగల పిల్లలూ మనుమలే. క్రీస్తు దగ్గరికి రావడమంటే వాళ్ల దగ్గరికి రావడం కూడా. ఒకే బల్ల ముందు ఒకే రొట్టె విరిచి, ఒకే పాత్రలోది తాగే చోటికి రావడం. అగ్రవర్ణంలో పుట్టిన మనిషి క్రీస్తును మనసులోనే పెట్టుకుంటే ఆయన బోధ దక్కుతుంది, శాంతి దక్కుతుంది. ఆ బల్ల ముందు మాదిగ పక్కన కూర్చోవడం ఒక్కటే తప్పిపోతుంది. నేను ఎవరి భక్తినీ శంకించను. కానీ ఎవరితోనూ కలిసి తినాల్సిన అవసరం రాని నిర్ణయం సగంలోనే ఆగిందంటాను.

ఆశతో చేరినవాళ్ల మాటేమిటని అడుగుతారు. కర్ణాటక 2022లో చేసిన చట్టం వెనక ఉన్నది ఈ అనుమానమే. మతం మారదలచిన వాళ్లు 30 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేట్‌కు తెలపాలంది, అభ్యంతరాలు పిలిచి విచారించమంది. దాన్ని ఎత్తేస్తామని 2023లో కొత్త మంత్రివర్గం నిర్ణయించింది. మోసాన్ని, బెదిరింపును శిక్షించడం న్యాయమే. కానీ హృదయంలోని ఉద్దేశాన్ని నోటీసు బోర్డు మీద పెట్టి పరీక్షించలేం. పెళ్లికీ చదువుకీ దేశసేవకీ మనుషులు కలగాపులగమైన కారణాలతోనే వస్తారు, విశ్వాసానికీ అంతే. గౌరవం కోసం వచ్చిన మాదిగ, ఆ గౌరవం ఇచ్చిన దేవుణ్ణి నమ్మితే అందులో కల్తీ ఏముంది? ఆకలిని, అవమానాన్ని పట్టించుకోని దేవుణ్ణి నమ్మడమే గొప్ప భక్తి అనే వాదన కడుపు నిండినవాళ్లది.

దీనికంటే కష్టమైన అభ్యంతరం ఇంకొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళితుడు క్రైస్తవుడైతే షెడ్యూల్డు కులం హోదా పోతుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా దక్కింది. క్రైస్తవులకు ఈనాటికీ లేదు. కాబట్టి కాగితంలో హిందువుగా, ఆదివారం గుడిలో విశ్వాసిగా బతికేవాళ్లు ఉన్నారు. బాప్తిస్మం ముఖ్యమంటున్న నేను వాళ్లను పిరికివాళ్లని అనగలనా? అనలేను. పరువు పోతుందని బల్లకు దూరంగా ఉండేవాడూ, ఇప్పటికే ఆ బల్ల ముందు కూర్చుని పిల్లల చదువు కోసం కాగితం మీద మౌనంగా ఉండేవాడూ ఒకటి కాదు. రెండోవాడి చేత అబద్ధమాడిస్తున్నది రాజ్యం. ఆ ఉత్తర్వు మారాలని అడగడం క్రైస్తవుడి విశ్వాసంలో భాగమే అనుకుంటాను.

సంఘంలోనే కులం లేదా అని కూడా అడుగుతారు. ఉంది. మాల సంఘాలు, మాదిగ సంఘాలు వేరువేరుగా నడిచే ఊళ్లున్నాయి, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే రెడ్డి, కమ్మ కథోలికులున్నారు. నా వాదానికి ఇదే అతిపెద్ద దెబ్బ, దాచను. అయినా ఒక్క తేడా ఉంది. మనసులోని భక్తిని కులం గురించి ఎవరూ నిలదీయలేరు. బహిరంగంగా ఒకే బాప్తిస్మం తీసుకున్నవాళ్లను నిలదీయవచ్చు. మాదిగ విశ్వాసి లేచి, మీరూ నేనూ ఒకే నీళ్లలో మునిగాం కదా, మీ అమ్మాయిని మా ఇంటికి ఎందుకివ్వరు అని అడిగితే, తప్పించుకోవడానికి ఆ సంఘానికి వాక్యంలో ఎక్కడా చోటు దొరకదు.