నల్లరంగు

మావారి బుల్లెట్‌కి పదిహేనేళ్ళు. సూర్యాపేటలో ఇల్లు, కోదాడలో ఉద్యోగం కావడంతో ఆ బండి చప్పుడుతోనే మా వీధి నిద్రలేచేది. ఇప్పుడు బదిలీ అయి, అమ్మేద్దామనుకున్నారు. మిర్యాలగూడ రైసుమిల్లులో గుమాస్తా అట, ఓ కుర్రాడు ఆదివారం చూడటానికి వస్తానన్నాడు.

చిక్కల్లా సైలెన్సర్‌తోనే. అద్దంలా మెరిసేది కాస్తా తుప్పు చుక్కలు తేలింది. "కుర్రకారు కోరి మరీ నల్లరంగు వేయిస్తున్నారు. మనమూ వేయిస్తే సరి, తుప్పూ కనపడదు" అన్నారు మావారు.

మెకానిక్ రెండు దారులు చెప్పాడు. "క్రోమ్ నున్నగ ఉంటది గదమ్మా, రంగు పట్టదు. గరుకు కాగితంతోని గీకి, తుప్పు తీసి, వేడికి ఆగే రంగు కొట్టాలె. ఇంజను నడిపి, చల్లార్చి, మళ్ళ నడిపి ఆ వేడికే రంగు గట్టిపడాలె. రెండు రోజుల పని. అమ్మేటిదే గదా అంటే గీకకుండ కొడత, గంటల అయితది. నెల రోజులు ఆగుతదేమో."

మావారు గంట పనికే మొగ్గారు. నా మనసొప్పలేదు. రెండూ ఒకే నలుపు. ఆదివారం నాడు చూసేవాడికి తేడా ఏం తెలుస్తుంది?

అలాగని మెరుపేదో సత్యసంధురాలనీ కాదు. అలంకారానికి వేసే ఆ క్రోమియం మైక్రానులో సగం కూడా ఉండదట. అంటే మిల్లీమీటరును రెండువేల పొరలు చేస్తే అందులో ఒకటి! తుప్పును ఆపేది దాని కింద కనపడకుండా ఉండే నికెల్. మా అమ్మ ఇత్తడి గిన్నెలకు కళాయి పోయించేది. అదీ పూతే, కానీ పులుసు చిలుము పట్టకుండా మమ్మల్ని కాపాడిన పూత. అసలు సైలెన్సర్ తుప్పు లోపలినుంచే మొదలవుతుందట. పెట్రోలు మండితే పుట్టే ఆవిరి, బండి కొద్ది దూరమే తిరిగితే బయటికి పోక లోపలే నీరై చేరుతుంది. దానికి ఏ రంగు వేస్తాం?

ఇదంతా చెబితే మావారు తాపీగా, "మరి మీ అక్క కూతురి పెళ్ళిచూపులకి కళ్ళజోడు దాచిందెవరు?" అన్నారు.

నేనే. ఆ పిల్ల కాఫీ గ్లాసు అబ్బాయి చేతికి బదులు గాలికి అందించింది. అందరం నవ్వేశాం, సంబంధం కుదిరింది. పెళ్ళయిన వారానికి కళ్ళజోడు బయటపడ్డప్పుడు అత్తగారింట్లో మాటలు పడ్డది మాత్రం అది ఒక్కతే. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

పొద్దున్నే, "రంగూ వద్దు, ఏమీ వద్దు" అన్నాను. ఆయన విసుక్కున్నారు గానీ వేయించలేదు.

ఆదివారం ఆ కుర్రాడు భార్యతో సహా వచ్చాడు. తుప్పు మీద బొటనవేలితో రుద్ది చూసి రెండువేలు తగ్గించమన్నాడు. మావారు నావైపోసారి గుర్రుగా చూసి తగ్గించారు. తాళం చేతికి తీసుకుంటూ ఆ అబ్బాయి, "సార్, దీనికి నల్లరంగు ఏపిస్తే మంచిగుంటదా?" అన్నాడు.

మావారు నోరు తెరిచేలోగానే, "గీకించి వేయించు బాబూ, రెండు రోజులు పట్టినా సరే" అన్నాను.