కాంటా కాదు, కండ చూసుకో బిడ్డా

బిడ్డా, రాత్రి అన్నం మానేశావని మీ అమ్మ చెప్పింది. వారంలో రెండు కిలోలు తగ్గానని సంబరపడుతున్నావట. మేనమామను కాబట్టి అడ్డుపడుతున్నాను. ఆ రెండు కిలోల్లో కొవ్వెంతో, నీళ్లెంతో, కండెంతో కాంటా చెప్పదు.

తిన్న అన్నం, రొట్టె చక్కెరగా మారి కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండల్లో సుమారు 400 గ్రాములు నిల్వ ఉంటుంది. ఆ నిల్వలో గ్రాముకు మూడు గ్రాముల దాకా నీళ్లు అంటిపెట్టుకుని ఉంటాయి. తిండి తగ్గించిన మొదటి రోజుల్లో ఎక్కువగా దిగేది అదే. కూర్చున్నా, నింపాదిగా నడిచినా ఒళ్లు కొవ్వునే ఎక్కువ వాడుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ చక్కెరకు మళ్లుతుంది. ఇక బస్సు కోసం ఒక్క ఉదుటున ఉరికావనుకో, ఆ మొదటి క్షణాలకు కండల్లోనే సిద్ధంగా ఉండే ఫాస్ఫోక్రియాటిన్ శక్తినిస్తుంది. దాన్ని 1927లో హార్వర్డ్‌లో పరిశోధకుడు ఫిస్కేతో కలిసి లోకానికి చూపినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మాట చెప్పుకునేటప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది.

నా దిగులంతా నీ సాయంత్రాల గురించే. చిక్కటి ఇరానీ చాయ్, సాసర్‌లో రెండు ఉస్మానియా బిస్కెట్లు, గంట తిరగకముందే లుఖ్మీ, మళ్లీ చాయ్. తిన్న ప్రతిసారీ ఇన్సులిన్ పెరుగుతుంది. అది పెరిగి ఉన్నంతసేపు కొవ్వు నిల్వలోంచి పెద్దగా కదలదు. చేతులు చూస్తే సన్నం, పొట్ట మాత్రం చొక్కా గుండీలను లాగుతోంది. మనవాళ్లలో చాలామంది ఒళ్లు ఇంతే. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ ఈ ‘సన్నగా కనిపించే కొవ్వు ఒళ్లు’ మీద ఏళ్లుగా పనిచేశారు. అందుకే బీఎంఐ 23 దాటగానే మనం జాగ్రత్తపడాలి. కండ తక్కువైతే చక్కెరకు చోటు చాలదు, నెత్తుట్లోనే తిరుగుతుంది. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. అందులో నువ్వు చేరొద్దు.

పాతబస్తీ తాలీంఖానాల్లో పహిల్వాన్లు దండాలు, బైఠకీలు తీసి ఒళ్లు పెంచుకున్నారు. వాళ్లు నిహారీ తిన్నా ఆ కండ దాన్ని వాడుకుంది. సాధన చేసిన కండలో కొవ్వును మండించే మైటోకాండ్రియా పెరుగుతాయి. అదే నడకకు నీకన్నా వాళ్లు ఎక్కువ కొవ్వు ఖర్చుపెట్టి, చక్కెర మిగుల్చుకుంటారు.

కాబట్టి రాత్రి అన్నం మానకు, కొంచెం తగ్గించు. పప్పు, గుడ్డు పెంచు. తినగానే మంచం ఎక్కకుండా షాలిబండ మీదుగా చార్మినార్ దాకా నడిచిరా. కదిలే కండ ఇన్సులిన్ లేకున్నా చక్కెరను లాక్కుంటుంది. వారానికి మూడు పూటలు బైఠకీలు తియ్యి, మోకాళ్లు ఓర్చినన్నే. రంజాన్‌లో హలీం వద్దనను, అందులో గోధుమ, మాంసం, పప్పు మూడూ ఉన్నాయి. ఒక గిన్నెతో ఆగు, అంతే. కొవ్వు కరిగించే పొడి అని ఎవరైనా డబ్బా అంటగడితే మాత్రం పైసా ఇవ్వకు.

ఆదివారం మీ అత్త జొన్నరొట్టె, పప్పుకూర చేస్తానంటోంది. బండి ఇంట్లో పెట్టి నడిచిరా.